‘ఓకే’ నొక్కితే అన్నీ ఒప్పుకున్నట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్ ప్రశ్నల్లో చాలావాటి కథ ఒక్కటే. ఫోన్‌లో ఏదో నొక్కారు, తర్వాత డబ్బు పోయింది, అడిగితే ‘మీరే కదా ఒప్పుకున్నారు’ అన్నారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, బేరమాడుకుని, ఒక మాటకి వస్తారన్న నమ్మకం మీద రాసిన చట్టం. ఫోన్‌లో బేరమాడటానికి అవతల మనిషే ఉండడు. కండిషన్లు కంపెనీ రాస్తుంది, బటన్ ఎక్కడ పెట్టాలో ఏ రంగులో పెట్టాలో కూడా కంపెనీయే నిర్ణయిస్తుంది, మనకి మిగిలేది ఒప్పుకోవడం లేదా యాప్ మూసేయడం. అలాంటప్పుడు ‘చదవకుండా ఎందుకు నొక్కావు’ అని కొన్నవాళ్ళని నిలదీసే ముందు ‘చదివి అర్థం చేసుకునేలా ఎందుకు పెట్టలేదు’ అని అమ్మినవాళ్ళని నిలదీయాలి. నా అభిప్రాయం ఇది, చట్టం కూడా నెమ్మదిగా ఇటే వస్తోంది. ఎంతవరకు వచ్చిందో ఉత్తరాల్లోనే చూద్దాం.

ప్రశ్న: మేడమ్, మా బాబు తొమ్మిదో తరగతి. ఒక ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీ వాళ్ళు మా ఇంటికే వచ్చి డెమో చూపించి, రెండేళ్ళ కోర్సు 96 వేలు, నెలకి నాలుగు వేలు కడితే చాలు, నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చు అన్నారు. రిజిస్ట్రేషన్ కోసమని ఆధార్, పాన్ తీసుకుని, ఓటీపీలు చెప్పమంటే చెప్పాను. మూడు నెలలయ్యాక వాడికి పాఠాలు అర్థం కావట్లేదు, ఆపేస్తామంటే, ‘కోర్సు డబ్బు మాకు మొత్తం వచ్చేసింది, మీరు కడుతున్నది లోన్ ఈఎంఐ’ అన్నారు. లోన్ అన్న సంగతే నాకు తెలీదు. ఆ ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా ఎప్పుడూ వినలేదు. కేసు వేసుకుంటే బెంగళూరులోనే, అదీ ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి దగ్గరికే, వెళ్ళాలని టర్మ్స్‌లో ఉందట. ఓటీపీ ఎందుకు చెప్పావని మా ఆయన రోజూ అంటున్నారు. కట్టడం ఆపేయమంటారా? – పేరు వద్దు, మలక్‌పేట

జవాబు: అమ్మా, ముందు మీ వారికి ఈ జవాబు చూపించండి. ఇంటికొచ్చి హాల్లో కూర్చుని, పిల్లాడి చదువు గురించి గంటసేపు మాట్లాడిన మనిషి ‘రిజిస్ట్రేషన్ కోసం’ అని ఓటీపీ అడిగితే చెప్పడం మామూలే. దేనికి అడుగుతున్నామో నిజం చెప్పకపోవడం వాళ్ళ తప్పు, దాన్ని మీ నెత్తిన వేసుకోవద్దు.

ఈఎంఐ మాత్రం ఉన్నట్టుండి ఆపేయకండి. కారణం ఏదైనా, కట్టకపోతే అది మీ సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, పడుతుంది, రికవరీ ఫోన్లు మొదలవుతాయి. ఆపడానికి దారి వేరే ఉంది, చెప్తాను.

ఓటీపీతో జరిగిన ఒప్పందం ఒప్పందం కాదని వాదించలేం. ఐటీ చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఏ ఒప్పందాన్నీ చెల్లదనడానికి లేదు. అలాగని స్క్రీన్ మీద జరిగినదానికి ప్రత్యేకమైన బలమేమీ రాదు, కాగితం మీద జరిగినదానికి ఏ పరీక్షలున్నాయో దీనికీ అవే. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చి ఉండాలి. మోసం చేసి గానీ తప్పుడు మాటలు చెప్పి గానీ తీసుకుంటే, కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, అవతలి లాయరు కచ్చితంగా దాన్నే పట్టుకుంటాడు. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే అవకాశం ఉండి కూడా తెలుసుకోకపోతే ఆ హక్కు పోతుందని అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, ‘టర్మ్స్ చదివితే తెలిసేది కదా’ అంటారు. కానీ ఆ మినహాయింపు తెలియక చెప్పిన తప్పుడు మాటకీ, నోరు విప్పకుండా చేసిన మోసానికీ వర్తిస్తుంది, తెలిసి తెలిసి చెప్పిన అబద్ధానికి వర్తించదు. ‘నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చు’ అన్నారు చూడండి, మీ కేసుకి ప్రాణం ఆ మాట. అది చెప్పిన మెసేజ్, కాల్ రికార్డింగ్, బ్రోషర్, డెమో రోజు ఇంట్లో ఉన్న అత్తగారో పక్కింటావిడో, ఏది దొరికితే అది పోగు చేయండి.

ఇక లోన్ సంగతి. ఫోన్లో ఇచ్చే అప్పుల గురించి రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు పెట్టింది, 2025 మేలో వాటిని మళ్ళీ కొత్తగా జారీ చేసింది. అప్పు ఇస్తున్నది ఎవరో, ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతం పడుతుందో, ఏమేం ఛార్జీలున్నాయో చూపించే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ సంతకానికి ముందే ఇవ్వాలి, కాగితాలన్నీ మీ మెయిల్‌కో ఫోన్‌కో పంపాలి. అందులో లేని ఛార్జీ తర్వాత వసూలు చేయకూడదు. తీసుకున్న అప్పు వద్దనుకుంటే జరిమానా లేకుండా అసలు, అప్పటిదాకా పడిన ఖర్చు కట్టి బయటపడే గడువు కూడా ఇవ్వాలి, అది కనీసం ఒక రోజు. అప్పని తెలియని మనిషికి ఆ గడువు ఎందుకూ పనికిరాలేదు కాబట్టి మీ ఫిర్యాదులో దీన్ని గట్టిగా రాయండి. మధ్యవర్తిగా వచ్చిన కోచింగ్ మనుషులు చేసినదానికి మాకేం సంబంధం అని అప్పిచ్చిన సంస్థ తప్పించుకోవడానికి వీల్లేదు.

కాబట్టి ఈ వారమే రెండు మెయిళ్ళు రాయండి. ఒకటి కోచింగ్ కంపెనీకి: అబద్ధం చెప్పి ఒప్పించారు, ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, జరగని క్లాసుల డబ్బు అప్పిచ్చిన సంస్థకి వెనక్కి కట్టి లోన్ మూయించండి అని. రెండోది ఆ ఫైనాన్స్ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకి: కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కాపీ, నేను సంతకం చేశానంటున్న కాగితాల కాపీ పంపండి, ఇది వివాదంలో ఉంది అని. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లోనే ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు, వివరాలకి 14448.

బెంగళూరు గురించి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఎక్కడ నివసిస్తున్నారో అక్కడి వినియోగదారుల కమిషన్‌లోనే (కన్స్యూమర్ కోర్టు) ఫిర్యాదు వేయొచ్చు, టర్మ్స్‌లో ఏ ఊరు రాసుకున్నా సరే. అంటే మీరు హైదరాబాద్‌లోనే వేస్తారు. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కోచింగ్ సెంటర్లు స్కూళ్ళు కాలేజీల్లాంటివి కావని, వాటి మీద ఫిర్యాదు వేయొచ్చని 2020లో జాతీయ కమిషన్ కూడా చెప్పింది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. కేసు తేలేదాకా ఈఎంఐ ఆపమని మధ్యంతర ఉత్తర్వు అడగండి, నేను పైన చెప్పిన దారి ఇదే.

ఇంకో సంగతి. టర్మ్స్ వల్లే అన్యాయం జరిగిందని, ఆ కండిషన్నే కొట్టేయమని అడగదలుచుకుంటే అది జిల్లా కమిషన్ చేతిలో లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి. అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో 2019 చట్టం మొదటిసారి వివరంగా రాసింది, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానాలు, కంపెనీకి మాత్రమే ఇష్టమొచ్చినప్పుడు తప్పుకునే హక్కు, అప్పు ముందే తీర్చేస్తానన్నా తీసుకోకపోవడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. అసలు ఈ ఆలోచనకి బీజం 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో పడింది. బేరమాడే బలం లేని మనిషి చుక్కల గీత మీద పెట్టిన సంతకాన్ని చూపించి ఎంత అన్యాయమైన షరతునైనా రుద్దడం కుదరదని సుప్రీంకోర్టు అప్పుడే అంది. అప్పట్లో అది ఉద్యోగ నియామకపు కాగితం, ఇప్పుడు అదే తీర్పు ట్యాబ్ మీద నొక్కిన బటన్‌కీ పనికొస్తోంది. మీ కేసులో మాత్రం జరిగింది ముఖ్యంగా అబద్ధం చెప్పి అమ్మడం, కాబట్టి జిల్లా కమిషన్ సరిపోతుంది.

ప్రశ్న: అక్కా, నేను అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటున్నా. ఒక యాప్ ‘ఒక్క రూపాయికి ట్రయల్’ అంటే తీసుకున్నా. వారం తర్వాత 799 కట్ అయింది, మళ్ళీ తర్వాతి నెలా కట్ అయింది. యాప్ డిలీట్ చేసినా కట్ అవుతూనే ఉంది. క్యాన్సిల్ బటన్ ఎక్కడా కనపడలేదు. – ఒక స్టూడెంట్

జవాబు: తమ్ముడూ, యాప్ డిలీట్ చేస్తే ఆటోపే ఆగదు. నువ్వు అనుమతి ఇచ్చింది బ్యాంకు ద్వారా, అది అక్కడే ఉంటుంది. నీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మాండేట్ అని ఉన్నచోటికి వెళ్ళి దాన్ని రద్దు చెయ్, కంపెనీ ఒప్పుకోవాల్సిన పని లేదు. కార్డు మీద పెట్టి ఉంటే బ్యాంకు యాప్‌లోనో కస్టమర్ కేర్‌కి చెప్పో తీయించు. 15 వేల లోపు చందాలకి ప్రతిసారీ ఓటీపీ అడగరు, కానీ కట్ చేయడానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలి. అది వచ్చిందో లేదో ఒకసారి వెతికి చూడు, రాకపోతే అదొక ఫిర్యాదు.

చేరడానికి ఒక్క టచ్, బయటికి రావడానికి పది స్క్రీన్లు. దీన్ని నేను చిన్న విషయంగా చూడను, మన ఓపిక అయిపోవడం మీదే లాభం కట్టుకునే వ్యాపారం ఇది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇలాంటి 13 రకాల మాయ డిజైన్లని ‘డార్క్ ప్యాటర్న్స్’ పేరుతో నిషేధించింది, వాటిలో చందాలో ఇరికించి వదలకపోవడం ఒకటి. మనం అడగని వస్తువు బిల్లులో చేర్చడం, చివరి స్క్రీన్ దాకా అసలు ధర దాచడం, ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధపు తొందర పెట్టడం కూడా ఆ జాబితాలోవే. ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్సుని సమ్మతిగా తీసుకోకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్, తెలుగులో మాట్లాడొచ్చు. 799 కోసం ఎందుకులే అనుకోకు, ఇలాంటి ఫిర్యాదులు పోగుపడితేనే అథారిటీ కంపెనీ మీదకి వెళ్తుంది. ఒక్క జాగ్రత్త, ఇది చందా కాబట్టి మాండేట్ తీసేస్తే కథ అయిపోతుంది, లోన్‌కి పెట్టిన మాండేట్ తీసేస్తే మాత్రం అప్పు అలాగే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మావాడికి పద్నాలుగేళ్ళు. నా ఫోన్లో గేమ్ ఆడుతూ డైమండ్లు, స్కిన్లు అంటూ నెల రోజుల్లో 38 వేలు ఖర్చు పెట్టాడు. పాల ప్యాకెట్లకి, కిరాణాకి పంపుతుంటాం కాబట్టి వాడికి నా యూపీఐ పిన్ తెలుసు. మైనరుతో చేసిన ఒప్పందం చెల్లదంటారు కదా, డబ్బు తిరిగొస్తుందా? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు చెప్పిన సూత్రం నిజమే, చాలా పాతది కూడా. 18 ఏళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు ప్రీవీ కౌన్సిల్ చెప్పింది, ఈరోజుకీ అదే చట్టం. తిండి, బట్ట, చదువు లాంటి అవసరాలకి మినహాయింపు ఉంది గానీ గేమ్ డైమండ్లు ఆ లెక్కలోకి రావు.

చిక్కల్లా కంపెనీ రికార్డులో మీ అబ్బాయి లేడు, మీరున్నారు. ఖాతా మీది, ఫోన్ మీది, పిన్ మీది. మైనరు ఆడాడని చూపించాల్సింది మీరే. వాడు స్కూలు నుంచి వచ్చాక ఆడిన సమయాలు, గేమ్ ప్రొఫైల్లో వాడి పేరు, వయసు, ఫ్రెండ్స్‌తో చేసిన చాట్ ఉంటే భద్రపరచండి. ముందు యాప్ స్టోర్‌లోనే ‘పిల్లలు నా అనుమతి లేకుండా కొన్నారు’ అని రీఫండ్ అడగండి, ఎంత త్వరగా అడిగితే అంత మంచిది. తర్వాత గేమ్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి, 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ తర్వాతే వినియోగదారుల కమిషన్.

బ్యాంకు నుంచి మాత్రం ఆశ పెట్టుకోకండి. మోసం జరిగి మూడు పనిదినాల్లో చెప్తే ఖాతాదారుకి నష్టం లేకుండా చూసే రిజర్వు బ్యాంకు నిబంధన 2017 నుంచి ఉంది గానీ, పిన్ మనమే ఇంకొకరికి చెప్పిన చోట అది మనల్ని కాపాడదు. ఇంకోటి సరిచూసుకోండి. ఆ ఆటలో డబ్బు పెట్టి డబ్బు గెలిచే వ్యవహారం ఏమన్నా ఉందా? తెలంగాణలో అలాంటి ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అదే అయితే ఇది రీఫండ్ గొడవ కాదు, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కిరాణా కోసం వాడికి చిన్న మొత్తం వేసిన వేరే వాలెట్ పెట్టి, ఈ పిన్ ఇవాళే మార్చేయండి. పిల్లాణ్ణి కొట్టొద్దు. ఆపలేకుండా ఆడించడానికే ఆ ఆటల్ని తయారు చేస్తారు.

ప్రశ్న: ఉప్పల్‌లో కొత్త ఫ్లాట్‌కి ఇంటీరియర్ పని ఒకాయనకి ఇచ్చాం. కాగితం ఏమీ రాసుకోలేదు, అంతా వాట్సాపే. నాలుగున్నర లక్షలకి కొటేషన్ పంపాడు, ‘ప్లైవుడ్ ఫలానా కంపెనీదే వాడాలి, రెండు నెలల్లో అవ్వాలి’ అని నేను పెడితే బొటనవేలు గుర్తు (థమ్సప్ ఎమోజీ) పెట్టాడు. లక్షన్నర ఫోన్‌పే చేశాను. ఇప్పుడు నాసిరకం ప్లైవుడ్ వేసి, ఇంకో లక్ష ఇస్తేనే వస్తానంటున్నాడు. అగ్రిమెంట్ లేదు కదా, ఏం చేయగలను? – ఒక గృహిణి

జవాబు: అగ్రిమెంట్ ఉందమ్మా, మీ ఫోన్లోనే ఉంది. ఇలాంటి పనికి స్టాంపు పేపర్ ఉండాలని చట్టం ఎక్కడా అనలేదు, నోటిమాట ఒప్పందమే చెల్లుతుంది, వాట్సాప్ దానికంటే మెరుగు. ట్రైమెక్స్, వేదాంత కంపెనీల కేసులో 2010లో సుప్రీంకోర్టు, ముఖ్యమైన సంగతులన్నీ మెయిళ్ళలో కుదిరాక విడిగా సంతకాల కాగితం లేదని తప్పుకోవడం కుదరదని చెప్పింది. బొటనవేలు గుర్తు మీద కెనడాలో ఒక కేసు నడిచింది, అవిసె గింజలు కొనే కంపెనీ కాంట్రాక్టు ఫొటో పంపితే రైతు బొటనవేలు గుర్తు పెట్టాడు, అది ఒప్పుకోవడమేనని 2023లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. మన జడ్జీలు దాన్ని పాటించాలనేం లేదు. కానీ మీ దగ్గర ఆ గుర్తు తర్వాత డబ్బు తీసుకున్న రుజువు, పని మొదలుపెట్టిన రుజువు కూడా ఉన్నాయి కాబట్టి ‘చూశానని పెట్టా, ఒప్పుకోలేదు’ అన్న వాదన నిలబడటం కష్టం.

అసలు జాగ్రత్త సాక్ష్యం దగ్గర. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్టు పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది, అందులో 63వ సెక్షన్ ప్రకారం ఫోన్లోంచి తీసిన ప్రింటుతో పాటు నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లలో ఈ పట్టింపు తక్కువే అయినా, సివిల్ కోర్టు దాకా వెళ్తే అవతలివాళ్ళు మొదట ఎత్తేది ఇదే. కాబట్టి ఆ ఫోన్ అమ్మొద్దు, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే తీసేయండి. కోపంలో నంబర్ బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేసి వచ్చేవాళ్ళని ఎంతమందిని చూశానో, వాళ్ళ కేసు అక్కడే సగం పోతుంది. వేసిన ప్లైవుడ్ అంచుల ఫొటోలు, దాని మీది ముద్ర, ఇంకొక మేస్త్రీతో రాయించిన అంచనా తీసి పెట్టండి. తర్వాత అదే వాట్సాప్‌లో, గొడవ పెట్టుకోకుండా, ‘ఫలానా తేదీలోపు ఒప్పుకున్న సరుకుతో పూర్తి చేయండి, లేకపోతే వేరేవాళ్ళతో చేయించి ఎక్కువైన ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాను’ అని రాయండి. ఆ ఎక్కువైన ఖర్చు అడిగే హక్కు కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఇస్తోంది.

ప్రశ్న: మా నాన్నగారు పోయిన నెల కాలం చేశారు. రామంతాపూర్ ఇల్లు మా చెల్లికీ నాకూ సగం సగం, ఊళ్ళో స్థలం తమ్ముడికి అని గూగుల్ డాక్‌లో రాసి, దాన్ని మా ముగ్గురికీ మెయిల్ చేశారు. రెండూ ఆయన స్వార్జితమే. అమ్మ కూడా లేదు. ఇది వీలునామాగా చెల్లుతుందా? బ్యాంకులో నామినీ తమ్ముడే. – పెద్ద కూతురు

జవాబు: చెల్లదమ్మా. ఇన్ని ఒప్పందాలు ఫోన్లో చెల్లుతున్నా వీలునామాని మాత్రం ఐటీ చట్టం మొదటి షెడ్యూల్ ఇప్పటికీ బయటే ఉంచింది. కాగితం మీద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని 1925 వారసత్వ చట్టం చెప్తోంది. నా మట్టుకు ఈ ఒక్కచోట పాత పద్ధతి ఉండటమే మంచిది. ఇందులో రాసిన మనిషిని తర్వాత అడిగే వీలు లేదు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు దిద్దేయగలరు.

ఇంట్లో ఇంకెక్కడైనా సంతకాలున్న కాగితం పెట్టారేమో బీరువాలు, బ్యాంకు లాకరు వెతకండి. లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం, మీ నానమ్మ కూడా లేకపోతే, ఇల్లూ స్థలమూ రెండింటిలోనూ ముగ్గురికీ సమాన వాటాలు. బ్యాంకు డబ్బు తమ్ముడి చేతికి వచ్చినా అది ఆయన ఒక్కడిదే కాదు, నామినీ డబ్బు అందుకుంటాడు, వారసులందరికీ అందులో వాటా ఉంటుంది. షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే.

నాన్నగారు కోరుకున్నట్టే పంచుకుందామని ముగ్గురూ అనుకుంటే ఏ అడ్డూ లేదు. కుటుంబ పరిష్కార పత్రం రాయించి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. ఆ మెయిల్‌ని ముగ్గురూ కలిసి కూర్చుని ఒకసారి చదువుకోండి, ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడాల్సింది మీరే.